ద్రాక్షరసం పొంగే నెల

డ్రాహోస్లావా పుట్టింది బంగాళాదుంపలు తప్ప మరేవీ పండని కొండ ఊళ్లో. యుద్ధం ముగిశాక, ఆస్ట్రియా సరిహద్దు దగ్గరి జ్నోయ్మోలో జర్మన్లు వదిలిపోయిన ఇళ్లు పంచుతున్నారని ఆమె తల్లిదండ్రులు పిల్లలతో అక్కడికి చేరారు. ఏడాది తిరక్కుండానే, ఒక అక్టోబరులో, తమ్ముడు లూబోర్ ఇంటి కింది సొరంగంలో చచ్చిపడి ఉన్నాడు.

ఆ పొద్దున పక్కింటి జర్మన్ ముసలమ్మ హిల్డా వాడికి ప్లమ్ పండ్ల రొట్టె పెట్టింది. విషం పెట్టిందని తల్లి ఊరంతా చాటింది. "అవును, రొట్టె పెట్టింది" అని పోలీసులకు చెప్పింది చిన్నారి డ్రాహోస్లావాయే. హిల్డాను ఒక్క మూటతో సరిహద్దు దాటించారు. వీళ్లూ కొండ ఊరికి తిరిగి వెళ్లిపోయారు.

ముసలితనంలో, తమ్ముడు పోయిన చోట ఒక్కసారి మోకరిల్లాలని ఆమె అక్టోబరులో మళ్లీ వచ్చింది. మికులాష్ చర్చి వెనక ఇల్లు అలాగే ఉంది. సొరంగాల గోడలు బాగుచేసే మేస్త్రీ ఓతకార్ ముందు దిగాడు. ఇనుప కడ్డీ చివర కొవ్వొత్తి గుచ్చి, మోకాలి ఎత్తున పట్టుకున్నాడు.

"కరెంటు దీపాలున్నాయిగా బాబూ! అది దెయ్యాలకా?"

"మాట వినని వాళ్లకి పెద్దమ్మా. నా వెనకే రండి."

ఆమె వినలేదు. గోడలో గూడు కనబడగానే అతన్ని తోసుకుని వెళ్లి మోకాళ్ల మీద కూలబడింది. కొవ్వొత్తి ఆరిపోయింది. ఓతకార్ ఆమె కోటు కాలరు పట్టుకుని, బస్తాను లాగినట్టు మెట్లెక్కించాడు. ఒక చెప్పు కిందే ఉండిపోయింది.

పెరట్లో ఆమె అతని చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "ప్రార్థన చేసేదాన్ని ఈడుస్తావట్రా, పశువా!"

"తిట్టండి. తిడుతున్నారంటే ఊపిరి ఆడుతున్నట్టే. పక్కవాళ్ల పీపాల్లో ద్రాక్షరసం పులిసి పొంగుతోంది. దాన్లోంచి వచ్చే విషపు గాలి నీళ్లలా కిందికి జారి నిండుతుంది. వాసన ఉండదు, కొవ్వొత్తి ఆరిపోతేనే తెలుస్తుంది. నిలబడ్డవాడు బతుకుతాడు, కూర్చున్నవాడు లేవడు."

"మా తమ్ముడు పోయినప్పుడు మా ఇంట్లో ద్రాక్షే లేదు!"

"గోడ అవతల ఉంటే చాలు పెద్దమ్మా. కింద ఊరంతా ఒకటే కడుపు."

దాగుడుమూతల్లో లూబోర్ కూర్చున్నది ఆ గూట్లోనే. ఆ రోజు వాడు కనబడక వెతుకుతుంటే హిల్డా పరుగున వచ్చి, తలుపు బాది, ఒకే మాట అరిచింది. శాపమనుకుని తల్లి ఆమె మొహాన ఉమ్మింది.

డ్రాహోస్లావా ఓతకార్ వైపు తిరిగింది.

"నీకు జర్మన్ వచ్చా? కెర్‌ట్సె అంటే ఏమిటి?"

"కొవ్వొత్తి. ఎందుకూ?"



"ఆవిడ చేతిలో అదే ఉండింది," అంది డ్రాహోస్లావా. "మా అమ్మ లాక్కుని వీధిలోకి విసిరేసింది."