పాలు తాగిన జున్ను

రన్వా నోరు మంచిదని మా రేవులో ఎవరూ అనరు. చెయ్యి మంచిదని మాత్రం ఆమెతో పడనివాళ్లు కూడా ఒప్పుకుంటారు. గాలపు తాళ్లకు తగులుకుని వచ్చే జున్నును అందరూ పారతో సముద్రంలోకి నెట్టేస్తారు. ఆమె మాత్రం పడవ అంచున వంగి, అది నీటి పైకి రాకముందే కింద బకెట్టు పెట్టి, నీళ్లతో సహా పట్టుకుని, మళ్లీ అలాగే దింపేది. ఒక్కసారి గాలి తగిలితే లోపలి దారుల్లో బుడగలు చిక్కుకుని, వెనక్కి వేసినా అది బతకదని ఆమె పట్టు.

ఈ జున్ను తినేది కాదు. లోతు చలినీళ్లలో పెరిగే పసుప్పచ్చని స్పంజి అనే జీవికి ఫారో దీవుల జాలర్లు పెట్టుకున్న పేరది. దానికి నోరు లేదు, గుండె లేదు. ఒళ్లంతా సన్నని రంధ్రాలు, లోపల గాజు సూదులు. రోజంతా నీళ్లు పీల్చి, అందులోని తిండి వడకట్టుకుని, మిగతాది పైనుంచి వదులుతుంది. వసంతంలో సన్నని నాచు పెరిగి సముద్రం పచ్చబడ్డాక గుడ్లూ బీజమూ నీళ్లలో కలిపేస్తుంది. పిల్ల కొన్నాళ్లు కొట్టుకుపోయి ఏ రాయినో పట్టుకుందంటే, ఇక వందల ఏళ్లు అక్కడే కాపురం. చచ్చాక దాని సూదులే పరుపై, వాటిమీద మరొకటి లేస్తుంది. అంత ఓపిక మనుషుల్లో లేదు, రన్వాలో అసలే లేదు. అందుకేనేమో ఆమెకు దానిమీద అంత గౌరవం.

ఆ ఏడు ఆమె తమ్ముడు నిక్లాయ్ సముద్రం అడుగున ఈడ్చే, ఇనుప గుండ్లున్న బరువైన వల కొన్నాడు. చర్చి అయ్యాక అందరి ముందూ చెప్పేశాడు.

"రేపు జున్ను పెరిగే నేలంతా దున్నేస్తా. ఒక్కసారి నలిగిందంటే ఇంక వలకి అడ్డుండదు."

"అది రాయి కాదురా, ప్రాణం!"

"ప్రాణముంటే చూపించక్కా."

బకెట్టుతో పట్టిన ఒకదాన్ని ఆమె పడవల కొట్టంలో సముద్రపు నీళ్ల తొట్టెలో ఉంచింది. అందరినీ పిలిచి, దాని పక్కన చెంచాడు పాలు వదిలింది. అది పీల్చుకుంటే పైనుంచి తెల్లగా బయటికి రావాలి. రాలేదు. చోటు మారిన బెదురుకు అది ముడుచుకుపోయింది.

పొరుగింటి డాన్యల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "పాలు జున్నవడం విన్నాం గానీ, జున్ను పాలు తాగడమేంటి రన్వా! రేపు రొట్టె కూడా పెడతావా?"

"నీకు పెట్టిపెట్టి అలవాటైందిగా" అందామె. వాళ్లంతా వెళ్లాక మాత్రం తొట్టె అంచు పట్టుకుని ఏడ్చింది.

తెల్లారి వల కోసం వచ్చిన నిక్లాయ్‌కి అక్క ఇంకా అక్కడే కనిపించింది. చల్లని సముద్రపు నీళ్లు మార్చిమార్చి ఆమె చేతులు ఎర్రబడ్డాయి.

"నీకేమైనా పిచ్చా? పద, కాఫీ తాగుదువు."

ఆమె మళ్లీ చెంచా వంచింది. పాలు పక్క రంధ్రాల్లోకి మెల్లగా జారాయి. కాసేపటికి పైనున్న గుంటలోంచి తెల్లని దారం లేచింది. తెగకుండా లేస్తూనే ఉంది.

నిక్లాయ్ టోపీ తీసేశాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియదు. "ఇది... ఊపిరి పీలుస్తోందే!"

"మన తాతలు పుట్టకముందు నుంచీ."

అతను వల ముట్టుకోలేదు. మధ్యాహ్నం తొట్టెను పడవ ఎక్కించారు. నవ్విన డాన్యలే సాయానికి వచ్చాడు. జున్ను పెరిగే చోటికి పడవ చేరాక, అతను దాన్ని చేతులతో పైకెత్తబోయాడు.

"చెయ్యి తియ్యి బాబూ!" నిక్లాయ్ అరిచాడు. "గాలి తగలనీకు!"

అతనే పడవ అంచున వంగి, తొట్టెను నీళ్లలో ముంచి, మెల్లగా వంచాడు. పక్కనే నిలబడిన రన్వా కూడా వంగి తొట్టె రెండో అంచు పట్టుకుంది.