సాక్ష్యం చెప్పి ఆపేసిన గోలీలు

ఆ రోజు ఒకే జాకెట్టు చెయ్యిని నాలుగుసార్లు విప్పి కుట్టాను. పదిహేనేళ్లుగా సిటీ శివారు సూరారంలో మిషన్ కుడుతున్నాను, కళ్లు మూసుకునైనా చెయ్యి ఎక్కించగలను. ఐదోసారి కూర్చోలేక లేచి, చెప్పులు వేసుకుని నడవడం మొదలుపెట్టాను. ఎక్కడికో తెలియదు. సుచిత్ర చౌరస్తాలో హారన్లు వినబడితే గానీ ఎంత దూరం వచ్చానో తెలియలేదు. ఇంటి తలుపు బార్లా తెరిచి వచ్చేశాను.

డిప్రెషన్ అంటే మూల కూర్చుని ఏడవడం అనుకునేదాన్ని. నాకు ఏడుపు రాలేదు, కాలు నిలవలేదు. కూర్చుంటే లేవాలి, లేస్తే పడుకోవాలి, పడుకుంటే మళ్లీ లేవాలి. అన్నం గొంతు దిగేది కాదు. గాలి మారితే తగ్గుతుందని శామీర్‌పేటలో మా అక్క ఇంటికి వెళ్లి, ఒక్క పూటకే తిరిగొచ్చాను. నా భర్త దావీదు మేడ్చల్ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. డ్యూటీ దిగి వచ్చి, వాకిట్లో తిరుగుతున్న నన్ను చూసి, "ఏమైతాంది నీకు? కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నాకు మాత్రం చెప్పలేనంత కోపం వచ్చింది.

బస్తీ దవాఖానలో డాక్టరమ్మ బీపీ చూసి, థైరాయిడ్‌కూ రక్తానికీ టెస్టులు చేయించింది. రిపోర్టులన్నీ నార్మల్. నార్మల్ అంటే సంతోషించాలి కదా, నాకు భయమేసింది. జబ్బు లేదంటే ఇది నా బుద్ధే అన్నమాట అనుకున్నాను. ఆమె మాత్రం ఇది డిప్రెషనే అని, సైకియాట్రిస్టుకు చూపించుకోమని సిటీలోని పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది. రెండు బస్సులు మారాలి. మొదటిసారి ఒక్కదాన్నే వెళ్లాను. ఓపీ లైన్ కదలదు, నా కాళ్లు ఆగవు. ముందు ఆరేడుగురు ఉండగానే బయటికొచ్చి బస్సెక్కేశాను. ఆసుపత్రిలో డాక్టర్ లేడని ఇంట్లో అబద్ధం చెప్పాను.

రెండోసారి దావీదు సెలవు పెట్టి వెంట వచ్చాడు. నేను వరండాలో తిరుగుతుంటే అతను లైన్లో నిలబడ్డాడు. డాక్టర్ మాట్లాడింది ఐదు నిమిషాలు. "టాబ్లెట్ పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుందమ్మా. బాగనిపించినా నేను చెప్పేదాకా ఆపొద్దు" అన్నాడు. కౌన్సెలర్ వారానికి ఒక్కరోజే వస్తారట, ఖాళీ మూడు నెలల తర్వాత ఉందట. ప్రైవేటు ఫీజు విన్నాక మేమిద్దరం మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నాలుగో వారంలో ఒక జాకెట్టు మొత్తం లేవకుండా కుట్టాను. ఆ ఆదివారమే తప్పు చేశాను. మా చర్చిలో వాక్యం అయ్యాక సాక్ష్యాలుంటాయి. మేలు పొందినవాళ్లు లేచి నలుగురిలో చెప్పాలి. నేను మైకు అందుకుని, దేవుడు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టి స్తోత్రం చెప్పారు. రోజూ మింగుతున్న టాబ్లెట్ల మాట, ఆ గోలీల మాట ఎత్తలేదు. రాత్రి గోలీ చేతిలోకి తీసుకుంటే, అది మింగితే పొద్దున చెప్పింది అబద్ధమవుతుందనిపించింది. కవరుతో సహా మిషన్ సొరుగులో దారపు ఉండల కింద దాచాను.

రెండు వారాలు బాగానే ఉన్నాననుకున్నాను. తర్వాత వచ్చింది మొదటిదానికంటే మొండిది. కాళ్లతోపాటు ఆలోచనలూ ఆగలేదు. నేను లేకపోతేనే ఇంటికి మేలు అన్న మాట మనసులో పడి, ఎంత నడిచినా వదల్లేదు. చెప్పుకోవడానికి సిగ్గు, సాక్ష్యం చెప్పిన మనిషిని కదా. చివరికి ఒక సాయంత్రం భయం సిగ్గును మించింది. అన్నం తింటున్న దావీదుతో ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పేశాను, దాచిన గోలీల సంగతి కూడా. అతను పళ్లెం అలాగే వదిలేసి, నా చెయ్యి పట్టుకుని పాస్టరుగారి ఇంటికి నడిపించాడు.

పాస్టరుగారి భార్య, మా పాస్టరమ్మ, తిడుతుందనుకున్నాను. ఆమె అంతా విని, లోపలికి వెళ్లి తన సుగర్ గోలీల డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇరవై ఏండ్ల సంది మింగుతున్న బిడ్డా, స్తోత్రం జెప్పుకుంటనే మింగుతున్న. నా గోలికి లేని తప్పు నీ గోలికెక్కడిది?"

అప్పుడు ఏడ్చాను, అన్ని నెలల్లో మొదటిసారి. తెల్లారగానే పాస్టరమ్మతో కలిసి ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం. డాక్టర్ కోప్పడలేదు, చాలామంది చేసే పొరపాటే అన్నాడు. గోలీలు దావీదు దగ్గర ఉండాలనీ, నన్ను ఒంటరిగా వదలొద్దనీ చెప్పి, మందు మళ్లీ మొదలుపెట్టాడు. కౌన్సెలర్ తేదీ వచ్చేదాకా ప్రభుత్వం వాళ్ల ఫోన్ కౌన్సెలింగ్‌కు మాట్లాడమన్నాడు. మా రెండు గదుల ఇంట్లో అలాంటి మాటలకు చోటు లేదు. అందుకని ఫోన్ చెవిన పెట్టుకుని సందులెంట నడుస్తూ మాట్లాడేదాన్ని, దావీదు పది అడుగులు వెనక వచ్చేవాడు. ప్రతిసారీ వేరే గొంతు, కథ మొదటినుంచీ చెప్పాలి, విసుగొచ్చేది. కానీ వాళ్లలో ఒకమ్మాయి, జాకెట్టు మొత్తం ఒకేసారి పెట్టుకోవద్దు, ఒక్క చెయ్యి కుట్టి లేవండి, తిరిగొచ్చి రెండోది కుట్టండి అని చెప్పింది. ఇప్పటికీ అలాగే కుడుతున్నాను.

ఏడాది దాటింది. డోసు తగ్గింది, గోలి ఆగలేదు. ఒక్కోరోజు కాళ్లు ఇంకా మాట వినవు. మొన్నామధ్య చర్చిలో మళ్లీ మైకు తీసుకున్నాను. "నాకింకా పూర్తిగ తక్కువ గాలే. గోలీలు ఏసుకుంటున్న. దేవుడు నన్ను దవఖాన దాక నడిపిచ్చిండు, గదే నా సాక్ష్యం" అన్నాను. చప్పట్లు లేవు. అనవసరంగా లేచానేమో అనుకుంటూ కూర్చున్నాను.

రెండు రోజుల తర్వాత, చర్చిలో పాటలు పాడే ఒకామె జాకెట్టు గుడ్డ పట్టుకుని మా ఇంటికొచ్చింది. కొలతలు తీస్తుంటే మెల్లగా అడిగింది.

"అక్కా, గా దవఖానకు ఏ బస్సెక్కాలె?"

బస్సు నంబరు చెప్పడం ఎంతసేపు? కానీ ఓపీ లైన్లోంచి పారిపోయి వచ్చిన నా సంగతి నాకు తెలుసు. చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది కూడా ఇదే. మొదటిసారి ఒంటరిగా వెళ్లకండి, మీవాళ్లను ఒంటరిగా పంపకండి.

టేపు మడిచి పక్కన పెట్టి, రేపు పొద్దున్నే తయారుగా ఉండమన్నాను. లైన్లో నేను నిలబడతాను, నువ్వు వరండాలో ఎంతసేపైనా తిరుగు అని చెప్పాను.