ఒలెగారియో మేస్త్రి ఈల తప్పింది

ఒలెగారియో మేస్త్రికి నోరు ఉండేది, తినడానికీ ఈల పట్టుకోవడానికీ. ఆ నోటితో ఆయన మాట్లాడగా విన్నవాళ్ళు మా మదురేరా పేటలో చాలా తక్కువ. సాంబా బడి అంటే ఏటా పండగ ఊరేగింపులో పాటా ఆటా కట్టి కప్పు కోసం పోటీపడే సంఘం. మా పేట బడిలో డప్పుల దళానికి ముప్పై రెండేళ్ళుగా ఆయనే మేస్త్రి. మెడలో మూడు గొంతుల చెక్క ఈల ఒకటి వేలాడుతూ ఉండేది. దాని పక్క చిల్లులు వేళ్ళతో మూస్తూ తెరుస్తూ మూడు వందల మందిని నడిపించేవాడు. అంతవరకూ న్యాయమే. ఇంటికొచ్చాక కూడా దానితోనే కాపురం చేసేవాడు.

ఒక పొడుగు ఈల వేస్తే కాఫీ కావాలని. రెండు పొట్టివి వేస్తే చెప్పులు ఎక్కడున్నాయని. భార్య సెలినా ఈ కష్టం అందరికీ చెప్పుకునేది.

"పెళ్ళిలో ఫాదర్‌గారు 'సమ్మతమేనా' అని అడిగితే పీ పీ అన్నాడు. పాపం ఆయన నా వంక చూశాడు. ఒప్పుకున్నాడు లెండి అని నేనే తర్జుమా చేశాను. అప్పట్నుంచీ నాకదే పని."

ఒక ఆదివారం కుర్రాళ్ళ ఫుట్‌బాల్ చూస్తూ, చల్లటి టీ అమ్మేవాణ్ణి పిలుద్దామని ఈల వేశాడు. సరిగ్గా గోలు కొట్టబోతున్నవాడు ఠక్కున ఆగిపోయాడు. తాను ఊదలేదని రెఫరీ తల్లి మీద ఒట్టేశాడు. ఓడిన జట్టు మేస్త్రిని రైలుకట్ట దాకా తరిమింది. పరిగెడుతూ కూడా తాళం తప్పకుండా ఊదాడట. ఇది సెలినా చెప్పింది, ఆమె కాస్త కలుపుతుంది.

"నా ఈల ఇంతవరకూ తప్పలేదు." ఈ ఒక్క మాట చెప్పడానికి మాత్రం ఈల నోట్లోంచి తీసేవాడు. తప్పేది ఎప్పుడూ డప్పులవాళ్ళేనట. ఊరేగింపులో తప్పు చేసినవాళ్ళు నాలుగు నెలలు తమ వాయిద్యం ముట్టకూడదని రూలు పెట్టింది కూడా ఆయనే.

ఆ దళంలోకి బస్సు కండక్టరు జురేమా వచ్చింది, సుర్దో వాయిస్తానని. సుర్దో అంటే పీపా అంత డప్పు, దళం అడుగులు పడేది దాని దెబ్బ మీదే. మా బడిలో అంతకు ముందు ఏ ఆడమనిషీ దాన్ని భుజాన వేసుకోలేదు.

బడి అధ్యక్షుడు అదౌతో ఆమె ముఖాన్నే చెప్పాడు. "చూడమ్మా, నీ సరదా నేనెందుకు కాదనాలి. కానీ ఒక్క దెబ్బ తప్పావనుకో, మళ్ళీ మన కుట్టుగదిలో ఊరేగింపు బట్టలకి పూసలు కుట్టుకోవాల్సిందే. ఇక డప్పు మాటెత్తకూడదు."

జురేమాకి ఏడేళ్ళప్పట్నుంచీ ఆ డప్పు మీదే కన్ను. అందుకని సరేనంది. ఎనిమిది నెలల రిహార్సళ్ళలో మేస్త్రి ఆమె ముందే నిలబడి, ఆమె ముక్కులోకే ఊదాడు. చివరికి ఆమె చేతులకి ఎంత అలవాటైందంటే, రోడ్డు మీద పోలీసు ఈల వేస్తే బస్సులో చిల్లర పెట్టె మీద దెబ్బ పడేది.

"నేనుండటం ఆయనకి ఇష్టం లేదు పిన్నీ" అని సెలినా దగ్గర మొత్తుకుంది.

"ఎవరున్నా ఇష్టం ఉండదులే. ఇంట్లో నేనున్నట్టు ఇంకా గమనించలేదు."

ఊరేగింపులో మా వంతు తెల్లారి ఎండెక్కాక వచ్చింది. న్యాయనిర్ణేతల ముందు మేస్త్రి రెండు పొట్టి ఈలలు వేశాడు. మూడు వందల డప్పులూ ఒక్కసారిగా ఆగాయి. ఇక ఎనిమిది తాళాల దాకా జనం గొంతులే పాడాలి. పొడుగు ఈల వినబడ్డాకే మళ్ళీ దెబ్బ. నాలుగో తాళంలో, కంచె దూకుతున్న తాగుబోతు ఒకణ్ణి చూసి పోలీసు పొడుగ్గా ఈల ఊదాడు. జురేమా చెయ్యి ఆగలేదు.

ధమ్మని ఒక్క దెబ్బ వీధి చివరిదాకా వినబడింది. మేస్త్రి కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. మరుక్షణం తనూ పొడుగు ఈల ఊదేశాడు. దళమంతా ఆమె దెబ్బ వెనకాలే అందుకుంది.

బుధవారం మధ్యాహ్నం మార్కులు చదివారు. డప్పులకి అర మార్కు కోశారు, కప్పు పోయింది. అదౌతో అందరినీ హాల్లో నిలబెట్టాడు.

"జురేమా, సూదీ దారం తెచ్చుకున్నావా?"

పోలీసు సంగతి చెబితే నమ్మేదెవరు. ఆమె డప్పు పట్టీ విప్పబోయింది. మేస్త్రి నోట్లోంచి ఈల తీశాడు.

"ఈల విని కొట్టింది" అన్నాడు. వాడక గొంతు బొంగురుపోయి ఉంది.

"ఎవరి ఈల?"

"నాదే. ముందే ఊదేశాను."

"మరి మిగతా వాళ్ళెందుకు కొట్టలేదు?"

"వాళ్ళకి వినబడలేదు." మేస్త్రి వెనక్కి తిరిగి దళం వైపు చూశాడు. "వినబడిందిరా మీకు?"

రెండు వందల తొంభై తొమ్మిది మంది ఒక్కసారే తలలు అడ్డంగా ఊపారు. ఆ దళం ఏ ఊరేగింపులోనూ అంత బాగా కలిసి పనిచెయ్యలేదు.

అదౌతోకి అనుమానం తీరలేదు. "ముప్పై రెండేళ్ళుగా నీ ఈల తప్పలేదంటావుగా మేస్త్రీ."

"ఇప్పుడు తప్పింది. రాసుకో."

రూలు రూలే. మెడలోంచి తాడు తీసి, ఈలని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. జురేమా పరిగెత్తి వీధి మలుపులో అందుకుంది.

"అది పోలీసు ఈల. మీకు తెలుసు."

"తెలీకేం. వాడికి ఊపిరి పట్టడం కూడా రాదు."

"మరి మీరెందుకు నెత్తినేసుకున్నారు?"

"ఈల వినబడితే కొట్టమని నేర్పింది నేను. పోలీసుదైతే కొట్టొద్దని నేర్పానా? మరి తప్పెవరిది?" నాలుగడుగులు వేసి మళ్ళీ అన్నాడు. "ఇన్నేళ్ళలో ఈల అంత శ్రద్ధగా విన్నదానివి నువ్వొక్కతివే. నిన్ను పూసలకి పంపితే నాకు సుర్దో ఎవడు కొడతాడు?"

పది రోజులు తిరక్కుండా సెలినా జురేమా బస్సెక్కింది. నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి.

"ఆ ఈల ఎక్కడ పెట్టారే?"

"అధ్యక్షుడి బీరువాలో, తాళం వేసి. నాలుగు నెలలు పిన్నీ."

"నా వల్ల కాదు. మనిషి మాట్లాడుతున్నాడు. లేచిన దగ్గర్నుంచీ మాటలే. ముప్పై రెండేళ్ళ కబుర్లు లోపల దాచుకున్నాడు, దొంగ. మేం మొదటిసారి కలిసినప్పుడు నేను పచ్చ గౌను వేసుకున్నానట. నిన్న చెప్పాడు."

జురేమా నవ్వాపుకుంది. "పోనీ, బతిమాలి తెప్పించనా?"

సెలినా కిటికీలోంచి బయటికి చూస్తూ రెండు స్టాపులు ఆలోచించింది.

"వద్దులే" అంది. "గౌను దాకానే వచ్చాడు. చెవిపోగుల సంగతి ఇంకా చెప్పలేదు."