నీళ్లు పోసిన చేతులు

మా ముత్తాత గురజాల తాలూకాలో మూడు గ్రామాల కరణం. మా తాతగారు ఎదురొస్తే బండ్లు పక్కకు తప్పుకునేవి. ఆ ఇంటి వారసుణ్ణి నేను, 1986లో నరసరావుపేటలోని ఒక పిల్లల ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. ఆ పనికి నేనెన్నడూ తల దించుకోలేదు.

ఆ వేసవిలో నడికుడి వైపు నాపరాళ్ల క్వారీ కూలీ కుటుంబం ఒకటి వచ్చింది. ఎనిమిది నెలల పిల్లవాడికి కుడి ముంజేయి విరిగింది. నానమ్మ సుబ్బమ్మ కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి నీళ్లు పోస్తుండగా కెవ్వుమన్నాడట.

"పిల్లోడనుకున్నావా, రాయనుకున్నావా? ముందోణ్ణీ ఇట్టాగే తోమావు," అన్నాడు ఆమె కొడుకు, పిల్లవాడి తండ్రి, అందరి ముందూ. మొదటి బిడ్డ ఏడాది నిండకుండానే పోయాడు.

"గట్టిగా పట్టుకోలేదురా," అందామె. పిల్లవాడిని తాకకుండా దూరంగా నిలబడింది.

ఫిల్మ్ కడిగి డాక్టరమ్మకిచ్చాను. మణికట్టు దగ్గర ఎముక పెరిగే అంచును మెటాఫిసిస్ అంటారు. అది గీత గీసినట్టుండాలి. ఇక్కడ గిన్నెలా గుంటపడి, చిరిగిన గుడ్డ అంచులా పీచుపీచుగా ఉంది.

"రెండో చెయ్యి కూడా తీయండి," అన్నారు డాక్టరమ్మ.

దెబ్బ తగలని చెయ్యీ అలాగే ఉంది. రికెట్స్, అంటే ఎముక గట్టిపడని జబ్బు. మామూలు విటమిన్ డి కొన్ని వారాలు వాడినా ఫిల్మ్ మారలేదు. గుంటూరులో రక్తపరీక్షలయ్యాక అసలు సంగతి తెలిసింది. విటమిన్‌ను పనికొచ్చే రూపంలోకి మార్చుకోలేని శరీరం. అరుదైన వంశపారంపర్య లోపం. తల్లిదండ్రులది మేనరికం; సుబ్బమ్మ తన అన్న కూతుర్నే కోడలిగా తెచ్చుకుంది. మొదటి బిడ్డకూ ఇదే అయ్యుంటుందన్నారు.

"మా పుట్టింటి దోషమా అమ్మా?" అంది సుబ్బమ్మ.

"దోషం కాదు, జబ్బు," అన్నారు డాక్టరమ్మ. " దీనికి వేరే రకం మందుంది. మద్రాసు నుంచి తెప్పించాలి."

మందు మొదలుపెట్టిన కొన్నాళ్లకు తీసిన ఫిల్మ్‌లో ఎముక అంచున తెల్లటి గీత కనిపించింది. కొత్తగా సున్నం పడుతోందన్నమాట. తడి ఫిల్మ్ పట్టుకుని డార్క్‌రూమ్‌లోంచి దాదాపు పరుగెత్తాను. మా ఇంట్లో పరుగెత్తడం మర్యాద కాదు.

కోడలు పిల్లవాడిని తెచ్చి సుబ్బమ్మ ఒడిలో పెట్టింది. "అత్తా, రేపట్నుంచి నీళ్లు నువ్వే పొయ్యి."

"ఏమే, ఇక్కడే పొయ్యమంటావా ఏంది?" అంటూ వరండాలోనే కాళ్లు బారజాపిందామె. కొడుకు మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

ఎముక విరిగినప్పుడు పట్టుకున్న చేతిని అనుమానించే ముందు ఎముకను చూడాలి. ఈ కేసు నాకు నేర్పింది అదే.

పిల్లవాడి తల నిమురుతున్న ఆ చేతులు బోసిగా ఉన్నాయి. మద్రాసు మందు కోసం సుబ్బమ్మ తన వెండి కడియాలు అమ్మేసింది.