గోదావరిఖని నుంచి సికింద్రాబాద్‌కు, మా సహస్రను చూపించడానికి

ఈ ప్రయాణానికి బయలుదేరాల్సింది నేను కాదు, నా భార్య లావణ్య. పిల్లను కరీంనగర్ తీసుకెళ్ళి పిల్లల డాక్టరుకు చూపించింది ఆమె. కళ్ళు, నరాలు అన్నీ బాగానే ఉన్నాయి, పిల్లల ఎదుగుదల చూసే సెంటర్ హైదరాబాద్‌లో ఉంది, అక్కడ పరీక్ష చేయించండి అని ఆ డాక్టరు చెబితే, పదే పదే ఫోన్లు చేసి అపాయింట్‌మెంట్ తీసుకున్నదీ ఆమే. తీరా తేదీ దొరికేసరికి ఆమెకు రెండో కాన్పై నెల కూడా నిండలేదు.

"వచ్చే నెలకు పెట్టుకుందాం" అన్నాను.

"నెల నెల అనుకుంటనే దానికి ఏడేండ్లు నిండినయ్. నువ్వు తోల్కపో" అంది లావణ్య, పసివాణ్ణి భుజాన వేసుకుని.

నేను బొగ్గు గనిలో ఫిట్టర్ని. బావిలో, అంటే గని లోపల, దీపం వెలుగు పడని మూలన కూడా చేత్తో తడిమి నట్టు బిగించగలనని షిఫ్టులో నాకు పేరు. అలాంటి నాకు పుట్టిన సహస్ర, రెండో తరగతికి వచ్చినా గౌను గుండీ పెట్టుకోలేదు. చెప్పులు కుడిది ఎడమకు వేసుకుంటుంది. చదునైన నేల మీద నడుస్తూ పడిపోతుంది. బంతి విసిరితే అది ఛాతీకి తగిలి కింద పడ్డాక చేతులు చాపుతుంది. నోటితో మాత్రం నాలుగో తరగతి పిల్లల పద్యాలు కూడా అప్పజెబుతుంది, అవే పుస్తకంలో రాయమంటే అక్షరాలు గీత దాటి ఎటో పోతాయి. బడిలో టీచరు బద్ధకం అంది. నేనూ అదే అన్నాను. లావణ్య ఒక్కతే ఇది వేరే ఏదో అంది.

షిఫ్టులో సెలవు అడిగినప్పుడు తమ్ముడి గృహప్రవేశం అని చెప్పాను.

ఫిబ్రవరి చివరి వారం. తెల్లవారుజామున గోదావరిఖని చౌరస్తాలో ఆటో ఎక్కి రామగుండం స్టేషన్ చేరాం. పవర్‌హౌస్ పొగగొట్టాల వెనక ఆకాశం అప్పుడే ఎర్రబడుతోంది. సికింద్రాబాద్ వెళ్ళే పొద్దుటి రైలు ఆరు దాటాక వచ్చింది. మీలో ఎవరైనా పిల్లలతో వెళ్ళేవాళ్ళుంటే ముందే సీటు రిజర్వు చేయించుకోండి. ఆ రైల్లో ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు, ఆసుపత్రులకు వెళ్ళేవాళ్ళు కిక్కిరిసి ఉంటారు. మాకు కిటికీ పక్కనే దొరికింది.

పెద్దపల్లిలో మా ఎదురు సీట్లోకి ఒకామె వచ్చి కూర్చుంది. నడివయసు, ఆకుపచ్చ చీర, ఒళ్ళో స్టీలు క్యారియర్. జనగామలో బిడ్డ దగ్గరికి వెళ్తోందట. రైలు కదిలిందో లేదో మాటలు మొదలుపెట్టింది.

"ఎక్కడిదాంక అన్నా?"

"సికింద్రాబాద్. మా తమ్ముని ఇంట్ల గృహప్రవేశం ఉన్నది."

సహస్ర కిటికీలోంచి తల తిప్పింది. "బాబాయ్ ఇల్లు కట్టిండా నాన్నా? మరి నాకు చెప్పలేదేంది?"

"ఊకో" అన్నాను.

కాసేపాగి నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగింది. "దవాఖానకు పోతున్నమని చెప్పద్దా?"

"చెప్పద్దు."

"ఎందుకు?"

ఇడ్లీలు అమ్మేవాణ్ణి పిలిచాను. పేపరు ప్లేటులో నాలుగు ఇడ్లీలు, పల్చటి చట్నీ. సహస్ర ప్లేటు అందుకుని ఒళ్ళో పెట్టుకునేలోపే అది ఒరిగింది. చట్నీ అంతా వెళ్ళి ఎదుటామె చీర కుచ్చిళ్ళ మీద పడింది. రైలు డబ్బాలో వాళ్ళంతా మా వైపు చూశారు. నాకు చెవులు వేడెక్కాయి.

"మొద్దు మొఖమా! కండ్లు నెత్తికెక్కినయా?" అని అరిచాను.

సహస్ర ఏడవలేదు. అలవాటైన పనిలా వెంటనే చెప్పింది. "సారీ ఆంటీ. నా చెయ్యి నేను చెప్పినట్టు ఇనది."

ఆమె నవ్వి, సీసాలో నీళ్ళతో చీర కడుక్కుంటూ, "చీరదేముంది బిడ్డా, ఉతికితే పోతది" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "చిన్నపోరిని పట్టుకొని గంతగనం అంటరా అన్నా?"

జమ్మికుంట, కాజీపేట దాటాయి. జనగామలో దిగేటప్పుడు ఆమె సహస్ర తల నిమిరి, "కొత్తింట్ల మంచిగ ఆడుకో" అని చెప్పి పోయింది. పిల్ల నా ముఖం చూసింది. నా అబద్ధాన్ని అది కూడా మోస్తోందని అప్పుడు తోచింది.

పదకొండు ప్రాంతంలో సికింద్రాబాద్‌లో దిగాం. అపాయింట్‌మెంట్ మర్నాడు పొద్దున్నే కాబట్టి స్టేషన్ ఎదుటి సందులో లాడ్జి తీసుకున్నాం. గది చిన్నదే కానీ శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు పొద్దున మాత్రమే ఇస్తారు. సాయంత్రం దగ్గర్లోని హోటల్లో గోడవైపు తిరిగి ఉన్న బల్ల చూసుకుని కూర్చున్నాను. సహస్రకు పెరుగన్నం నేనే కలిపి తినిపించాను. పక్కవాళ్ళకు నేను ముద్దు చేసే తండ్రిలా కనిపించి ఉంటాను. నిజానికి పిల్ల తన చేత్తో తింటే మెతుకులు చెల్లాచెదురవుతాయనీ, అందరూ చూస్తారనీ తినిపించాను.

మర్నాడు పొద్దున అసలు సంగతి తెలిసింది. ఇంట్లో నేను డ్యూటీ నుంచి వచ్చేసరికో, వెళ్ళేసరికో సహస్ర తయారై ఉండేది, లేదా నిద్రపోతూ ఉండేది. ఆ మధ్యలో ఏం జరుగుతుందో ఎన్నడూ చూడలేదు. బ్రష్ మీద పేస్టు పెట్టుకోవడానికే సగం ట్యూబు బేసిన్‌లోకి పోయింది. గౌను వెనకది ముందుకు వేసుకుంది. విప్పి మళ్ళీ వేసుకుంటే చేయి మెడలోంచి వచ్చింది. మూడోసారి మొదలుపెట్టబోతుంటే గౌను నేను లాక్కుని, తల మీది నుంచి గుంజి తొడిగి, గుండీలు పెట్టేశాను.

"అమ్మ అయితే చెప్పుకుంట కూసుంటది" అంది సహస్ర మెల్లగా.

"అమ్మకు పనేముంది" అన్నాను. బాలింతను పట్టుకుని అన్న మాట అది.

ఆటోలో సెంటర్‌కు చేరేసరికి తొమ్మిది కావస్తోంది. రెండంతస్తుల ఇల్లు, కింద వరండాలో కుర్చీలు. మాలాగే పిల్లలతో వచ్చిన తల్లులు కూర్చున్నారు. తండ్రులు ఒకరిద్దరే. మా పేరు పిలిచాక లోపల డాక్టరమ్మ సహస్రను తన దగ్గరి కుర్చీలో కూర్చోబెట్టుకుంది. నెరిసిన జుట్టు, నెమ్మదైన గొంతు.

"ఎందుకు వచ్చావమ్మా ఇక్కడికి?" అని నవ్వుతూ అడిగింది.

సహస్ర నా వైపు తిరిగింది. "చెప్పాల్నా నాన్నా?"

డాక్టరమ్మ కూడా నన్నే చూసింది. ఏం జరిగి ఉంటుందో ఆమెకు అర్థమైపోయిందనుకుంటా. "చెప్పు బిడ్డా" అన్నాను.

"నేను పడిపోత. రాస్తే మంచిగ రాదు. అందరికంటె లేటయితది" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

తర్వాత ప్రశ్నలు నాకు. ఎప్పుడు బోర్లాపడింది? పాకిందా, పాకకుండానే నిలబడిందా? ఏ వయసులో నడిచింది? చెంచా ఏ చేత్తో పట్టుకుంటుంది? మెట్లు ఒక్కో కాలు మార్చి ఎక్కుతుందా, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెడుతుందా? పెద్ద చప్పుళ్ళకు భయపడుతుందా? మొదటి దానికి "ఏడాది లోపే" అన్నాను. రెండోదానికి "అందరి లెక్కనే" అన్నాను. మూడోదానికి ఆగిపోయాను.

"నాన్నకు తెల్వదు" అంది సహస్ర, నన్ను ఆదుకునేదానిలా. "నాన్న డ్యూటీకి పోతడు."

లావణ్యకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. అటువైపు పసివాడు ఏడుస్తున్నాడు. వాణ్ణి ఊపుతూనే ఆమె ఒక్కొక్కటే చెప్పింది. పాకనే లేదని, పదిహేడో నెలలో నడిచిందని, మెట్లు ఇప్పటికీ రెండు కాళ్ళూ పెట్టి గోడ పట్టుకుని దిగుతుందని, అన్నం తినడానికి ముప్పావుగంట పడుతుందని. తనకంటే చిన్నదైన మా అక్క కూతురు సైకిలు నేర్చుకున్న రోజు సహస్ర బాత్‌రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చిందని కూడా చెప్పింది. అది నాకు తెలియదు. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను.

రెండు మూడు ప్రశ్నల తర్వాత డాక్టరమ్మ ఫోన్‌ను తన వైపు తిప్పుకుంది. ఆ తర్వాత నన్నేమీ అడగలేదు. అంత దూరం తీసుకొచ్చిన తండ్రిని, ఆ గదిలో సామాను మోసుకొచ్చిన మనిషిలా మిగిలాను.

పరీక్షలు పక్కగదిలో. ఒక థెరపిస్టు, పాతికేళ్ళ అమ్మాయి, సహస్రను ఆటలాడిస్తున్నట్టే చేయించింది. నేను అద్దాల కిటికీ ఇవతల కూర్చుని చూశాను. దారానికి పూసలు ఎక్కించాలి. చిన్న చిన్న పుల్లలను పలక మీది రంధ్రాల్లో గుచ్చాలి. నేల మీద గీత వెంట మడమకు కాలివేలు ఆనించి నడవాలి. విసిరిన గుడ్డసంచిని పట్టుకోవాలి. పూస జారిపోతుంది, సహస్ర వంగి తీసుకుంటుంది, మళ్ళీ జారిపోతుంది. నాలుక పంటి కింద పెట్టుకుని, నుదుట చెమట పట్టేలా, కళ్ళు ఆ దారం కొస మీద నుంచి కదపకుండా చేస్తోంది. గనిలో కష్టపడే మనుషులను ఎందరినో చూశాను. బద్ధకం ఉన్న మనిషి ముఖం అట్లా ఉండదు.

"అలసిపోయావా? ఆపేద్దామా?" అంది థెరపిస్టు.

"వద్దక్కా, ఇంకోపాలి చేస్త. ఇంట్ల అయితే చెయ్యనియ్యరు. నాన్న గుంజుకుంటడు."

తలుపు కొద్దిగా తెరిచి ఉంది. నేను విన్నానని ఇద్దరికీ తెలియదు. ఆ మాట పిల్ల కోపంతో అనలేదు, ఫిర్యాదుగా కూడా అనలేదు. ఇంట్లో నల్లా నీళ్ళు పొద్దున వస్తాయన్నట్టు చెప్పింది. లేచి వరండాలోకి వెళ్ళి, కాసేపు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను.

మధ్యాహ్నానికి డాక్టరమ్మ మళ్ళీ పిలిచింది. "దీన్ని డిస్ప్రాక్సియా అంటారు. పాప తెలివికి ఏ లోటూ లేదు. కండల్లో బలమూ ఉంది. ఏ పనైనా ఏది ముందు, ఏది తర్వాత అని శరీరం వరుస కట్టుకోవాలి కదా, అక్కడ ఇబ్బంది. మనకు అలవోకగా వచ్చే పని తనకు ప్రతిసారీ కొత్త పనే. మందులు లేవు. పెద్దయితే అదే పోతుందని ఊరుకోవద్దు. చిన్న చిన్న ముక్కలు చేసి నేర్పాలి, అందరికంటే ఎక్కువసార్లు చేయనివ్వాలి. థెరపీ కరీంనగర్‌లో దొరుకుతుంది. బడికి కూడా రాసిస్తాం, రాయడానికి ఎక్కువ టైమ్ ఇమ్మని."

"తిడితే జల్ది నేర్సుకుంటదేమో అనుకున్న మేడం" అన్నాను.

"నేర్చుకుందా?"

"లేదు."

ఆమె బడికి ఇచ్చే ఉత్తరం రాయడానికి కాగితం దగ్గరికి లాక్కుంది. తిట్టి ఉంటే కొంచెం తేలికయ్యేది.

ఇదే పని మీద వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. పిల్ల రాసిన నోటుపుస్తకాలు వెంట పెట్టుకోండి. తినేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు ఫోన్లో తీసిన వీడియోలుంటే చూపించండి. ఒక పూటంతా పడుతుంది, తొందర పెట్టుకోవద్దు. అన్నిటికంటే ముఖ్యం, పిల్లను రోజూ చూసే మనిషి వెళ్ళాలి. ఆ మనిషి మీరు కాకపోతే, వెళ్ళే ముందు నెల రోజులైనా చూడండి.

రెండింటికి జూబ్లీ బస్టాండులో కరీంనగర్ మీదుగా గోదావరిఖని వెళ్ళే బస్సు ఎక్కాం. సిద్దిపేట దాటేదాకా సహస్ర నిద్రపోయింది. లావణ్యకు ఫోన్ చేసి డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను.

"బద్ధకం కాదన్నరా?" అంది.

"కాదన్నరు."

"ఆ మాట నీ నోటితోని చెప్పు. డాక్టర్ చెప్పిందని కాదు."

బస్సు హోరులో కాస్త గట్టిగానే అనాల్సి వచ్చింది. "అది బద్ధకం కాదు లావణ్యా. నాకే తెల్వలేదు." ముందు సీటు మనిషి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె ఏడుస్తోందని ఊపిరి చప్పుడును బట్టి తెలిసింది. ఎంత కాలంగా ఆమె ఒక్కతే ఆ మాట అంటూ వచ్చిందో, అనిపించుకుంటూ వచ్చిందో లెక్క చూసుకునే ధైర్యం లేక కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను.

గోదావరిఖని బస్టాండు చేరేసరికి దీపాలు వెలిగాయి. దిగేవాళ్ళు చాలామంది. నేను ముందు దిగి కింద నిలబడ్డాను. సహస్ర పై మెట్టు మీద ఆగి రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, ఏ కాలు ముందు వేయాలా అని చూసుకుంటోంది.

"జల్ది దిగాలె అన్నా. పాపను ఎత్తుకోరాదు?" అన్నాడు కండక్టర్.

చేతులు వాటంతటవే ముందుకు పోయాయి. వెనక్కి తీసుకున్నాను. "దిగుతది. జర ఆగుండ్రి" అన్నాను. వెనక జనం, బ్యాగులు, ఎవరో విసుక్కున్న చప్పుడు. వాళ్ళలో మా కాలనీ మనిషి ఒకడున్నాడు. నిన్నటిలాగే చెవులు వేడెక్కాయి. సిగ్గు ఒక్క ప్రయాణంతో పోయేది కాదు.

సహస్ర వెనకే నిలబడ్డ ముసలవ్వ కండక్టర్‌ను కసిరింది. "ఆగవయ్యా. నేను దిగేటాళ్ళకు ఇంకింత సేపయితది. ఎవల కాళ్ళు వాళ్ళవి."

"కుడికాలు" అన్నాను కింది నుంచి. "మెల్లగ. ఇగ ఎడమది."

ఒక మెట్టు. ఇంకో మెట్టు. ఆఖరి మెట్టు మీద నిలబడి సహస్ర కిందికి చూసింది, తర్వాత నన్ను చూసింది.

"జరుగు నాన్నా" అంది. "నువ్వే అడ్డమున్నవ్."

జరిగాను.