మొట్టికాయలు తిన్న స్క్రీన్

పోయే ముందురోజు కూడా పెద్దమ్మ మధ్యవేలు మడిచి, కణుపుతో కంప్యూటర్ టచ్‌స్క్రీన్‌కి రెండు మొట్టికాయలు వేసి, ఆఖరి చొక్కా ఇస్త్రీ అయిపోయినట్టు నమోదు చేసి, మా లాండ్రీ మూసింది.

"ఎందుకు పెద్దమ్మా, పాపం దాన్ని కొడతావు?"

"కొడితేగానీ వినదురా. నీలాంటిదే."

ఆ స్క్రీన్ ఎంచింది నేనే. మా ఇంట్లో కంప్యూటర్ల గురించి పుస్తకం చదివింది నేనొక్కణ్ణే. సగమే చదివానని ఎవరికీ చెప్పలేదు. షాపువాడు రెండు రకాలు చూపించాడు. ఒకటి నొక్కితే పైపొర వంగి కిందిపొరకు తగిలి పనిచేసేది. వేలైనా పెన్నుమూతైనా దానికి ఒకటే. రెండోది నున్నటి గాజు. దానిమీద ఉండే సన్నటి విద్యుత్తు వేలు తగిలిన చోట మారుతుంది, ఆ మార్పును అది పసిగడుతుంది. మొదటిది నాటుగా కనిపించింది. హుందాగా రెండోది కొన్నాను. వాడబోయే వేళ్లు ఎవరివో ఆలోచించలేదు.

నలభై ఏళ్లు ఇస్త్రీపెట్టె వేడి చూసి చూసి కాయలు కాచిన ఆ వేలికొసలను గాజు లెక్కచేయలేదు.

"వేల్లోంచి కాస్త కరెంటు పోవాలి పెద్దమ్మా," అని పాఠం చెప్పాను.

"అంటే నేను పోయాననా దీని లెక్క?"

వాళ్లబ్బాయి, మా అన్నయ్య, తేల్చేశాడు. "నెలాఖరు దాకా చూస్తానమ్మా. అప్పటికీ దీన్ని వాడటం నీకు రాకపోతే కౌంటర్లో వేరేవాళ్లని పెడతా. నువ్వు హాయిగా ఇంట్లో కూర్చో."

"ఇంట్లో కూర్చుని ఎవర్ని తిట్టమంటావు?"

నెలాఖరుకు మూడు రోజులుందనగా, ఒళ్లుమండి స్క్రీన్‌ని మొట్టింది. అది బుద్ధిగా మాట వింది. కణుపు మీద చర్మం కాయలు కాయలేదు మరి. "దీన్ని పెంచడం మీకు చేతకాక నన్నంటార్రా!" అని కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆ కుర్చీ ఆమెకే మిగిలింది. నేను మాత్రం వచ్చినవాళ్లందరికీ ఇందులోని శాస్త్రం వివరిస్తూ తిరిగాను. ఏడాదికి కణుపు వాచింది. ఆమె చెయ్యి మార్చింది.

ఆమె పోయిన రెండు వారాలకు, కంప్యూటర్లో ఆమె పేరు తీసేద్దామని సెట్టింగులు తెరిచాను. మూడో పేజీలో ఒక చిన్న గడి, ఖాళీగా ఉంది. పక్కనే రాసుంది: 'గ్లౌజులు వేసుకున్న వేళ్లకు, మొద్దుబారిన వేళ్లకు.'

టిక్ పెట్టాను. వేలికి చేతిరుమాలు చుట్టుకుని, మెల్లగా తాకాను.

పనిచేసింది.