కుర్చీ మీద కర్చీఫు

మా ఆయన లిఫ్టుల డ్రాయింగులు గీస్తారు. కట్టబోయే భవనంలో లిఫ్టుకి గుంత ఎంత లోతుండాలి, తలుపు ఎంత వెడల్పుండాలి అన్నది ఆయన లెక్క. ఇరవై ఆరేళ్ళు ఒకే కంపెనీలో, ఒకే కుర్చీలో కూర్చుని గీశారు. కుర్చీ చెయ్యి విరిగితే దారం చుట్టుకున్నారే గాని కొత్తది అడగలేదు. అలాంటి మనిషిని పట్టుకుని, ఆఫీసు ఖాళీ చేసేస్తున్నాం, రేపటి నుంచి ఫలానా భవనం నాలుగో అంతస్తులో కూర్చోండి అన్నారు. ఏ కుర్చీలో అని అడిగితే, ఏదైనా పర్లేదన్నారట.

మొదటిరోజు సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డారు.

"అదొక పెద్ద హాలే. కుర్చీల లెక్కన అద్దెకిస్తారట. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో కంపెనీ. ఎవరు ఎవరి తాలూకో తెలిసి చావదు."

"మరి మీవాళ్ళెక్కడ?"

"అక్కడున్నవాళ్ళతో కలిసిపోండి అంది మేనేజరమ్మ ఫోన్లో. ముప్ఫై మందికీ గుడ్‌మార్నింగ్ చెప్పాను. ఒక్కరూ తలెత్తలేదు. ఒకమ్మాయి మాత్రం చెవుల్లోంచి ఏదో పీకి, ఏమైనా కావాలా అంకుల్ అంది."

ఈ కొత్త మేనేజరమ్మని మేం మెడ నుంచి పైకే చూశాం, అదీ తెర మీద. మా అమ్మాయి కన్నా రెండు మూడేళ్ళు పెద్దదై ఉంటుంది. మూడు నెలలు చూస్తాను, తర్వాత నేనే వచ్చి మిమ్మల్ని ఉంచేదీ లేనిదీ చెబుతాను అంది. ఏభై నాలుగేళ్ళ మనిషికి మళ్ళీ ఉద్యోగం ఎవరిస్తారు?

రెండోరోజు ఆయన ఎనిమిదింటికే వెళ్ళి, కిటికీ పక్కన వెలుతురు బాగున్న కుర్చీ చూసుకుని, బస్సులో సీటుకి వేసినట్టు కర్చీఫు వేసేశారు. రోజూ అదే పని. ఆ కుర్చీ పైన గోడకి ఏదో బోర్డుందట. ఆయన వెలుతురు చూశారు గాని బోర్డు చూడలేదు.

వారం తిరిగేసరికి మనిషి మారిపోయారు. మూలబల్ల దగ్గర కూర్చునే అయిదుగురు కుర్రవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చి, సార్ ఈ డ్రాయింగు కాస్త చూస్తారా అన్నారట. ఇంకేం, మనవాళ్ళు దొరికారు అనుకున్నారు. తన పని మధ్యాహ్నం లోపే ముగించుకుని, అక్కడి నుంచి వాళ్ళ పని. మడత మంచాలు, మడత బల్లలు.

"లిఫ్టుల కంపెనీకి మంచాలెందుకండీ?" అన్నాను.

"ఈ రోజుల్లో ఎవడు ఏ పని చేస్తున్నాడో అడక్కూడదే," అన్నారు.

ఒకరోజు కళ్ళజోడు మరిచిపోతే ఇవ్వడానికి వెళ్ళాను. హాలంతా మనుషులే, కానీ ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోవడం లేదు. ఎవరికి వాళ్ళే గాల్లోకి మాట్లాడుకుంటున్నారు. ఫోను మాట్లాడుకునే అద్దాల పెట్టెలో ఒకతను చేతులూపుతూ ఎవరినో తిడుతున్నాడు, చప్పుడు మాత్రం బయటికి రాదు. వాళ్ళందరి మధ్యా మా ఆయన. చుట్టూ ఆ అయిదుగురు. "ఈ కమ్మీ ఇంత బరువు మోయదు బాబూ, ఇక్కడ విరుగుతుంది," అని చూపిస్తుంటే, వాళ్ళు బుద్ధిగా తలలూపుతున్నారు. నాకు కడుపు నిండినట్టయింది. ఇంత మంచి జట్టుండగా ఈయన్ని ఎవరు తీసేస్తారు అనుకుంటూ ఇంటికొచ్చాను.

మూడు నెలలు నిండిన గురువారం మేనేజరమ్మ వచ్చింది. మా ఆయన ఆమెని నేరుగా మూలబల్ల దగ్గరికి తీసుకెళ్ళి, "ఇదిగోనండీ, మన టీము," అన్నారట. ఆమె వాళ్ళని చూసింది. వాళ్ళు ఆమెని చూశారు.

"ఇక్కడ మన కంపెనీ తరఫున ఉన్నది మీరొక్కరేనండీ," అంది ఆమె.

అప్పుడు ఆ కుర్రాళ్ళలో పొడుగాటివాడు నీళ్ళు నమిలాడు. "సార్‌ని హాలువాళ్ళే పెట్టారనుకున్నామండీ. టీ, ప్రింటరు ఇస్తారు కదా, అలాగే సార్ కూడా అద్దెలోనే వస్తారని..." అంటూ గోడ మీది బోర్డు చూపించాడు. 'ఏ సాయం కావాలన్నా ఇక్కడ అడగండి' అని ఉంది.

ఆ సాయంత్రం ఆయన నోట ఇది విని నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు నెలలు మనిషిని ప్రింటరు కింద వాడుకున్నారా అని అరిచాను. ఆయన మాత్రం అరవలేదు, నవ్వనూ లేదు. "వాళ్ళు పొరబడ్డారా, నేను పొరబడ్డానా? నువ్వు చెప్పవే," అన్నారు. నాకేం తెలుసు? ఎటు నుంచి ఆలోచించినా ఎవరి తప్పూ కనబడటం లేదు, అదే నా కోపం.

ఉద్యోగం పోలేదు. మీ డ్రాయింగుల్లో ఒక్క తప్పు లేదు, ఉండండి అంది మేనేజరమ్మ. ఒక్కరి కోసం అక్కడ కుర్చీ దండగ కాబట్టి సోమవారం నుంచి ఇంట్లోనే చేసుకోమంది. ఒకటే షరతు, ఫోన్లో పిలిచినప్పుడు పలకాలి. పలక్కపోతే మళ్ళీ ఆలోచించాల్సి వస్తుందట. నేను సంతోషంగా భోజనాల బల్ల ఖాళీ చేసి, తుడిచి, ఇచ్చాను. ఆదివారమంతా ఆయన దాని ముందు కూర్చుని ఎదురుగా ఉన్న గోడని చూశారు.

సోమవారం పొద్దున్న డాబా మీద బట్టలారేసి దిగేసరికి బల్ల మీద ల్యాప్‌టాప్ లేదు. భోజనం డబ్బా లేదు. ఇస్త్రీ చొక్కా లేదు, బూట్లూ లేవు. ఫోను మాత్రం గోడకి ఛార్జింగులో వేలాడుతోంది. పదింటికి అది మోగింది. మేనేజరమ్మ.

"సార్ ఉన్నారాండీ?"

ఇరవై ఆరేళ్ళ అలవాటు. నోరు దానంతటదే అనేసింది. "ఆఫీసుకెళ్ళారమ్మా."

అనేశాక నాలిక కరుచుకున్నాను.

"ఏ ఆఫీసుకండీ?" అంది. కోపంగా కాదు పాపం, నిజంగా తెలియకే అడిగింది.

"అదే నాకూ తెలియడం లేదమ్మా," అన్నాను.